తెల్ల డ్రమ్ములో నీళ్ళు

ఇంకో గంట. నాలుగింటికి గుడ్డ తీయమన్నాడు చేపల షాపు ఆయన, నాలుగింటికే ఆసుపత్రినుంచి మా ఆయన్ని తీసుకుని ఇంటికొచ్చేస్తామంది వదిన. రెండూ ఒకేసారి పడ్డాయి. మూడు రోజుల కిందట నాలుగింటికే ఈ నల్ల లైనింగు గుడ్డ చేపల తొట్టి మీద కప్పి, నాలుగు పక్కలా టేపు అంటించి, పైన పాత దుప్పటి కూడా పరిచాను. వెలుతురు రవ్వంత కూడా లోపలికి పోకూడదన్నాడు షాపు ఆయన. నాచుకి వెలుతురే తిండట, మూడు రోజులు పస్తు పెడితే చస్తుందట. కోట్లకి వేసే లైనింగు ఇది, ఎవరో కుట్టించుకుంటామని ఇచ్చి మళ్ళీ మొహం చూపించలేదు, ఏడాదిగా బీరువాలో పడుంది. కొలతలు తీసుకుని, నాలుగు ముక్కలు కలిపి, మూలలు తీర్చి కుట్టాను, మనిషికి కుట్టినట్టే. కుడుతూ కుడుతూ ఇది ఎవరి కోసం కుడుతున్నానా అనిపించి మిషను తొక్కడం ఆపేశాను. ఆ ఆలోచనని అక్కడే తుంచేసి మళ్ళీ తొక్కాను. ఇప్పుడది హాలు మధ్యలో నల్లగా, చతురస్రంగా, ఎవరో చెప్పకుండా వచ్చి కూర్చున్నట్టు ఉంది. లోపల మోటారు ఒకే తీరుగా మూలుగుతోంది. నేను పక్కనే కుర్చీ వేసుకుని చెవి ఒగ్గి కూర్చున్నాను. చిటికె కోసం. రెండు రోజులుగా చిటికె లేదు.

చిటికె వేసేది మేస్త్రీ. మేస్త్రీ అంటే రొయ్య, వేలంత ఉంటుంది, ఇసకలో బొరియ తవ్వడమే దాని పని, ఒక పక్క తవ్వుతుంటే ఇంకో పక్క కూలుతుంది, మళ్ళీ తవ్వుతుంది. ఒక చెయ్యి పెద్దది దానికి, దాంతో టక్కుమని చిటికె వేస్తే పక్క గదిలోకి వినపడుతుంది. కొత్తలో అద్దం పగిలిందనుకుని పరిగెత్తుకొచ్చేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. "మా మేస్త్రీ పనిలోకి దిగాడోయ్." దానికి కళ్ళు సరిగా కనపడవట. అందుకని ఒక చారల చేపతో జత కడుతుందట. చేప బొరియ నోటి దగ్గర కాపలా కాస్తుంది, రొయ్య తవ్వుకుంటూ తన మీసం ఒకటి ఎప్పుడూ ఆ చేప ఒంటికి ఆనించి పెట్టుకుంటుంది. ప్రమాదం కనపడితే చేప తోక కొడుతుంది, ఇద్దరూ లోపలికి దూరతారు. "రొయ్యకి అదే కళ్ళద్దాలు" అనేవాడు ఆయన. ముప్పై ఏళ్ళు కళ్ళద్దాలు అమ్మిన మనిషికి లోకంలో ప్రతిదీ కళ్ళద్దాల కిందికే వస్తుంది. పొద్దున్నే స్నానానికి ముందు తొట్టి లోపలి అద్దాన్ని బ్లేడుతో గీకేవాడు, స్కేలు బద్దకి పాత బ్లేడు కట్టి, పైనుంచి కిందికి, ఒక గీత పక్కనే ఇంకో గీత. నేను ఇస్త్రీ చేసినట్టే. వెనక అద్దం మాత్రం గీకేవాడు కాదు. అదెందుకు వదిలేశారంటే, నత్తలకి అనేవాడు. "అన్నీ మనమే శుభ్రం చేసేస్తే వాటికేం మిగులుతుంది?"

నత్తలు ముందు పోయాయి. పదకొండు ఏరాను, ఇసక మీద వెల్లకిలా పడి, వాసన. అవి పోయాక ముందు అద్దం మీద గోధుమరంగు పొడి, తర్వాత రాళ్ళ మీద పచ్చటి నూగు, తర్వాత వెంట్రుకలు. నిజంగా వెంట్రుకలే, వేలెడు పొడవు, నీటి పోటుకి ఇటూ అటూ ఊగుతూ, చూడ్డానికి బాగానే ఉండేది మొదట్లో. ఒక్క వారంలో పగడాల మెడలు చుట్టేసింది. చేతులు పెట్టి పీకాను. పీకినంతా సింకులో చిక్కు జుట్టులా ముద్దయ్యేది, మర్నాటికి అంతకి రెండింతలు. ఉప్పుకి వేళ్ళు పగిలి, కుట్టే బట్టల మీద రక్తపు చుక్కలు. ఎవరిదో లేత రంగు జాకెట్టు రెండుసార్లు ఉతికాను. ఇంట్లో మనిషి లేడని చేపలు బెంగ పెట్టుకున్నాయేమోనని రెండు పూటలా మేత వేశాను. అదీ నాచుకే వెళ్ళిందట. నేను చేసిన ప్రతి మంచి పనీ దాని నోట్లోకే వెళ్ళింది.

వదిన ఈ తొట్టిని నా సవతి అంటుంది. వదినంటే ఆయన అక్క, నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే, ఈ నెల రోజులూ ఆసుపత్రిలో రాత్రిళ్ళు ఆవిడే పడుకుంది. పదకొండేళ్ళ కిందట ఈ తొట్టి ఇంట్లోకి వచ్చిన రోజే అంది. "ఇదిగో అమ్మాయ్, మా వాడు సవతిని తెచ్చాడు. నీకంటే తెల్లగా ఉంది, నోరు కూడా లేదు, ఇంక నీ పని అయిపోయింది." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆదివారాలు తొట్టివి. నీలం డ్రమ్ములో నీళ్ళు పట్టి, ప్యాకెట్లో ఉప్పు కొలిచి పోసి, చిన్న మోటారు వేసి తిప్పి, చుక్క తీసి గొట్టంలాంటి దాంట్లో వేసి వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి చూసేవాడు, షాపులో ఎవరి చూపో పరీక్ష చేస్తున్నట్టు. నేను తలుపు దగ్గర నిలబడి, సినిమాకి వెళ్దామా అని అడుగుదామనుకుని, అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. కానీ నాకూ ఒకటుండేది. బాల్కనీలో నీలం డ్రమ్ము పక్కనే తెల్ల డ్రమ్ము. ఫిల్టరు గొట్టం చివరినుంచి చుక్కా చుక్కా దాంట్లో పడేది, రోజంతా. పొద్దున్నే ఆ నీళ్ళు నా ఆవిరి ఇస్త్రీపెట్టెలో ఆయనే పోసి పెట్టేవాడు. "ఇవైతే బట్టల మీద మచ్చలు పడవు" అన్నాడు ఒకసారి. అంతే. పదకొండేళ్ళూ నేను కుర్చీలో కూర్చునేసరికి ఇస్త్రీపెట్టె నిండి ఉండేది. సవతికి నీలం డ్రమ్ము, నాకు తెల్ల డ్రమ్ము. అలా పంచుకున్నాననుకున్నాను.

అందుకే తొట్టి కోసం తెల్ల డ్రమ్ము ముట్టుకోలేదు. ఆయన షాపులో ఎవరికో కళ్ళు చూస్తూ చూస్తూ, అక్షరాల బోర్డు కింద పక్షవాతంతో ఒరిగిపోయాడు. ఆసుపత్రిలో మొదటి రెండు రోజులూ నాకు తొట్టి గుర్తు కూడా రాలేదు. మూడోనాడు బట్టలకని ఇంటికొస్తే నీళ్ళు గీతకి రెండు వేళ్ళు కిందికి దిగి ఉన్నాయి. గీత ఆయన గీసిందే, కళ్ళద్దాల మీద గుర్తులు పెట్టే వజ్రపు మొన కలంతో. "నీళ్ళు ఇక్కడుంటే అంతా సరిగ్గా ఉన్నట్టే" అనేవాడు. సముద్రపు చేపలు కదా, సముద్రపు నీళ్ళే పోయాలి కదా. నీలం డ్రమ్ములోంచి తోడి పోశాను గీతదాకా. రోజూ పోశాను. నీలం డ్రమ్ము అడుగంటాక ప్యాకెట్ మీద కొలత చదివి, కొళాయి నీళ్ళు పట్టి, ఉప్పు కలిపి, నేనే తిప్పాను. పక్కన తెల్ల డ్రమ్ము నిండుగా ఉంది, అది ఇస్త్రీకి ఉండనీ అనుకున్నాను. ఆసుపత్రినుంచి నడుం పడిపోయి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ముందు నీళ్ళు పోసేదాన్ని. ఇరవై ఆరు రోజులు గీత తప్పలేదు. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు అనుకున్నాను కూడా, ఒక రోజు.

నాలుగు రోజుల కిందట ఫోన్ చేశాను చేపల షాపుకి. ఆయన మాట్లాడ్డం మొదలుపెడితే ఆగడు. "అయ్యో, సారుకి అలా అయిందా! మా షాపులో ఆయన ఫోటో పెట్టుకోవాలమ్మా, నాచు రానివ్వని మనిషి. సరే చెప్పండి, పై నీళ్ళు ఏం పోస్తున్నారు?" ఉప్పునీళ్ళే అన్నాను, కొంచెం గర్వంగానే. "అమ్మా, ఆవిరయ్యేది నీళ్ళు. ఉప్పు కాదు. ఉప్పెక్కడికి పోతుంది? పొయ్యి మీద పెట్టి మరగనిస్తే ఏదైనా ఉప్పెక్కిపోదూ? తగ్గిన దానికి మంచినీళ్ళు పోయాలి తల్లీ. మంచినీళ్ళు. ఫిల్టరు నీళ్ళు ఉంటాయే, సారు తెల్ల డ్రమ్ములో పట్టేవారు." ఆ తర్వాత చాలా చెప్పాడు. గొట్టంలో చుక్క వేసి చూడమన్నాడు, ఉప్పు గీత ముప్పై ఐదు మీద ఉండాలన్నాడు. నలభై నాలుగు మీద ఉంది. ఒక్కసారిగా మార్చకండి, తట్టుకోలేవు, రోజుకి రెండు మగ్గులు తీసి రెండు మగ్గులు మంచినీళ్ళు పోయండి, మూడు రోజులు చీకట్లో పెట్టండి, నీళ్ళు రాత్రి దీపాలార్పి గుడ్డ మూల ఎత్తి పోయండి, ఉన్నవి ఉంటాయి పోయేవి పోతాయి అన్నాడు. అన్నిటికీ ఊఁ కొట్టాను. నేనక్కడ లేను. నేను ఆసుపత్రిలో ఐదో రోజు దగ్గర ఆగిపోయాను.

ఐదో రోజు ఆయనకి మాట వచ్చింది. మాటంటే మాట కాదు, సగం నోరు కదిలింది. "మంచి... నీళ్ళు." నేనూ వదినా ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని ఏడ్చాం. మంచం తలాపున బోర్డు, నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు. మింగడం పోయింది, ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నర్సు వచ్చి దూది తడిపి పెదాలకి రాయమంది. "అందరూ అడుగుతారమ్మా. చూళ్ళేం. మనసు రాయి చేసుకోవాలి." దూది పెడితే మొహం తిప్పేశాడు. కోపం. ఎడమ కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. "మంచినీళ్ళు... తె..." తెమ్మంటున్నాడు, తెస్తాను, ఒక్క నాలుగు రోజులు ఓర్చుకోండి, డాక్టరుగారు ఒప్పుకోగానే గ్లాసుడు తెస్తాను. చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. "తె... తె..." దుప్పటిని ఎడంచేత్తో పట్టి లాగేవాడు. తెల్ల దుప్పటి. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఈయన నన్ను మంచినీళ్ళు తే అని ఎప్పుడైనా అన్నాడా? మంచినీళ్ళివ్వు అనేవాడు. ఎప్పుడూ ఇవ్వు అనే అనేవాడు. అన్నం పెట్టు, నీళ్ళివ్వు, కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో చూడు. తే అన్నది ఆయన నోటి మాట కాదు. నాకు తెలియాలి కదా. కుట్టు ఒక్క పోగు తప్పితే దూరంనుంచి పట్టే దాన్ని, ఒక్క అక్షరం తేడా పట్టుకోలేకపోయాను. తెల్ల. తెల్లది. తెల్ల డ్రమ్ము. ఆ మంచం మీద, సగం ఒళ్ళు చచ్చిపోయి, ఆయనకి నా చేతి పని కళ్ళకి కట్టినట్టు కనపడింది. ఇదిప్పుడు ఉప్పునీళ్ళు పోస్తూ ఉంటుంది అని. నా సంగతి ఆయనకి అంత బాగా తెలుసు.

లేకపోతే నిజంగానే దాహమా? దాహమే అయుండొచ్చు కదా. ఎవరు చెప్పగలరు? నాలుగు రోజులనుంచి ఈ రెండిటి మధ్యా తిరుగుతున్నాను గానుగెద్దులా. దాహమైతే నేను చేసింది జాలితో చేసిన పని. కాకపోతే... ఎనిమిదో రోజు. మధ్యాహ్నం. నర్సులు డ్యూటీ మారే వేళ, వదిన కిందికి కాఫీకి వెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచి, "మంచినీళ్ళు" అన్నాడు. బతిమాలుతున్నట్టు. పక్క మంచం వాళ్ళ స్టీలు చెంచా తీసుకున్నాను. ఒక్కటంటే ఒక్క చెంచా. తల కింద చెయ్యి పెట్టి ఎత్తి నోట్లో పోశాను. ఆయన తల అడ్డంగా తిప్పబోయాడు, అవును, తిప్పబోయాడు, నాకిప్పుడు గుర్తొస్తోంది, అప్పుడది ఆత్రం అనుకున్నాను. పొలమారింది. దగ్గు. కళ్ళు పైకి పోయి, మొహం నల్లబడి, మళ్ళీ తేరుకున్నాడు. చెంచా తుడిచి ఎక్కడిదక్కడ పెట్టేశాను. రెండ్రోజులకి జ్వరం, తర్వాత ఊపిరి యంత్రం, గొంతులో గొట్టం, పద్నాలుగు రోజులు. డాక్టరు అడిగాడు, నోటి ద్వారా ఏమైనా ఇచ్చారా అని. లేదండీ అన్నాను. వదిన ఇంత ఎత్తున లేచింది. "మా మరదలా? నిప్పులాంటి మనిషి సార్. మీ నర్సులనడగండి ముందు." ఆ నర్సు, దూది ఇచ్చిన అమ్మాయి, తల వంచుకుంది. మర్నాటినుంచి ఆ వార్డులో కనపడలేదు. ఎందుకు కనపడలేదో నేను ఎవర్నీ అడగలేదు. గొట్టం తీశాక ఆయనకి ఆ మాట కూడా లేదు. ఏ మాటా లేదు. ఒకసారి కన్ను ఆర్పితే అవును, రెండుసార్లు ఆర్పితే కాదు, అంత నేర్పారు. అంటే అడగొచ్చు. చాలా తేలిక. దాహమేనా? అవునా కాదా? నాలుగు రోజులుగా ఆయన మంచం పక్కన కూర్చుని, బజారు సంగతులు, వాన సంగతులు చెప్పి వస్తున్నాను.

ఫోను. వదిన. "బయలుదేరాం. పావుగంట. ఏం చేస్తున్నావు? నీ సవతిని ముస్తాబు చేశావా లేదా? వాడు వస్తూనే అటే చూస్తాడు, చెబుతున్నా. ఇక్కడ మొన్న ఫోన్లో చేప బొమ్మ చూపిస్తే కళ్ళు ఇంతయ్యాయి." సరే వదినా అన్నాను. "ఏమిటా గొంతు? ఏడుస్తున్నావా? పిచ్చిదానా, మనిషి దక్కాడు, అది చాలు. మూతి కడుక్కో." ఇంకా పది నిమిషాలుంది నాలుగుకి. ఆ పది నిమిషాల్లో ఏ నాచూ బతకదు, ఏ రొయ్యా చావదు. టేపు పట్టుకుని లాగాను. పెయింటుతో సహా ఊడొచ్చింది కింది బల్లమీదనుంచి. దుప్పటి, తర్వాత లైనింగు. కంపు. ఆటుకి బయటపడ్డ ఒడ్డు కంపు. నాచు చచ్చింది, ఆ మాట నిజమే, బూడిద రంగులో జావలా రాళ్ళనుంచి కిందికి వేలాడుతోంది, ముట్టుకుంటే విడిపోతోంది. దాని కింద ఏముందో ఇప్పుడు కనపడుతోంది. పగడాలు ఎముకల్లా ఉన్నాయి. గుండీలాంటివి, విసనకర్రలాంటివి, ఆయన ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేవన్నీ సున్నం తెలుపు. రెండు నారింజ చేపల్లో ఒకటి లేదు. రెండోది మోటారు పక్కన ఒరిగి, ఊపిరి తీస్తోంది. చారల చేప ఉంది. బొరియ నోటి దగ్గర, ఎప్పటి చోటే, బయటికి మొహం పెట్టి కాపలా కాస్తోంది. తోక బొరియలోకి ఉంది. దాని ఒంటికి ఆనే మీసం లేదు. నేను అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశాను. బొరియ ఒక పక్క కూలిపోయి ఉంది. ఎవరూ ఎత్తలేదు.

బ్లేడు కట్టిన స్కేలు తీసి ముందు అద్దం గీకాను. పైనుంచి కిందికి, గీత పక్కన గీత. ఆ ఒక్క పనికే టైముంది. ఇస్త్రీపెట్టె బల్ల మీద ఖాళీగా ఉంది. ఫోన్ చేసిన రోజునుంచి కొళాయి నీళ్ళు పోస్తున్నాను దాంట్లో, ఒకావిడ కోటు మీద తెల్లటి మచ్చలు పడ్డాయి, ఏదో చెప్పి ఒప్పించాను. లిఫ్టు చప్పుడు. వదిన గొంతు, డ్రైవరుకి చెబుతోంది, "మెల్లగా బాబూ, మనిషి, బీరువా కాదు." తలుపు తీశాను. చక్రాల కుర్చీలో ఆయన సగమే ఉన్నాడు. చొక్కా నేను పంపిందే, భుజాలు జారిపోతున్నాయి, లోపలికి రెండంగుళాలు పట్టాలి. ముక్కులో గొట్టం, చెంప మీద దానికి ప్లాస్టరు. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో చెయ్యి పెట్టినట్టు. కుర్చీ ఎత్తి గడప దాటించారు.

"ఇదిగోరా నీ ఇల్లు. ఇదిగో నీ సముద్రం. అబ్బ, ఏమిటే ఈ కంపు, కిటికీలు తెరువు!"

ఆయన నావైపు చూడలేదు. తొట్టిని చూశాడు. ఒక చివరినుంచి మొదలుపెట్టి, అక్షరాల బోర్డు చదివిస్తున్నట్టు, ఒక్కో రాయీ దాటుకుంటూ మెల్లగా చూశాడు. బొరియ దగ్గర ఆగాడు. అక్కడే ఉన్నాడు చాలాసేపు. తర్వాత కళ్ళు పైకి వచ్చి గీత దగ్గర నిలిచాయి. ఇవాళ్టి నీళ్ళు ఇంకా పోయలేదు, గీతకి వేలెడు కిందికి ఉంది. "పోస్తాను" అన్నాను, అడక్కుండానే. "ఇప్పుడే పోస్తాను. తెల్లదాంట్లోవే." మగ్గు కనపడలేదు, చేతికందిన గ్లాసు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాను. తెల్ల డ్రమ్ము మూత తీస్తే నా మొహం కనపడింది, ఎంత తేట నీళ్ళో. గ్లాసు నిండా ముంచుకుని వచ్చాను. కుర్చీ నాకూ తొట్టికీ మధ్యలో ఉంది. ఆయన ముందునుంచే వెళ్ళాలి.

"ఏయ్, వద్దే!" వదిన అరిచింది. "నోటికేం ఇవ్వకూడదని ఇప్పుడే కదా చెప్పి పంపారు."

ఆయన ఎడంచెయ్యి లేచింది. ఒళ్ళోంచి, మెల్లగా, చాలా బరువు మోస్తున్నట్టు లేచి, నోటికి అడ్డంగా నిలబడింది. అరచెయ్యి నావైపు. పెదాలు, కదిలే సగం, కదలని సగాన్ని కూడా లాక్కుని బిగుసుకున్నాయి. కళ్ళు గ్లాసు మీద ఉన్నాయి. కోపం కాదు. పొయ్యి ముట్టుకుని ఒకసారి కాలిన పిల్లవాడు పొయ్యిని చూసే చూపు.

వదిన నవ్వింది. "చూశావా, వాడికే తెలుసు."

కుర్చీ చుట్టూ తిరిగి తొట్టి దగ్గరికి వెళ్ళాను. గ్లాసు వంచి, అద్దం వెంబడి, చుక్క చెదరకుండా పోశాను. ఇప్పుడే గీకిన అద్దంలో నా వెనక ఆయన కనపడుతున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది. అయ్యాక దిగి ఒళ్ళో పడింది. గీతకి ఇంకా చాలా తక్కువ. మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళి నింపుకుని వచ్చాను.

గుమ్మంలో నన్ను చూసి ఆ చెయ్యి మళ్ళీ లేచింది.